అందరికీ ఆహ్వానం, కానీ ఉదయం పదిన్నరకు

[దృశ్యం: గుంటూరు మిర్చి యార్డు, తెల్లవారుజాము. ఎర్రటి టిక్కీల (మిర్చి బస్తాల) వరుసలు. ఎవరో తుమ్మిన శబ్దం.]

ఫిబ్రవరి 28, జాతీయ విజ్ఞాన దినోత్సవం. 1928లో అదే రోజున సి.వి. రామన్ తన కాంతి పరిశోధన ఫలితాన్ని బయటపెట్టారు. 1987 నుంచి దేశమంతా ఆ తేదీన సైన్స్ పండుగ చేసుకుంటోంది.

గుంటూరులో మాత్రం ఆ తేదీ మిర్చి సీజను నడిమధ్యన వచ్చి పడుతుంది. యార్డు బయట లారీలు బారులు తీరి ఉంటాయి. కాయల తొడిమలు తీసే ఆడవాళ్లకు, టిక్కీలు మోసే హమాలీలకు నాలుగు డబ్బులు కళ్లజూసే రోజులవి. సరిగ్గా ఆ రోజు ఉదయం పదిన్నరకు సైన్స్ కార్యక్రమాలు జరిపే మనం ఒక ఆడిటోరియంలో దీపం వెలిగించి, ‘అందరూ ఆహ్వానితులే’ అని బ్యానరు కడతాం.

తేదీ విషయంలో రామన్ గారి తప్పేమీ లేదు. పదిన్నర మాత్రం మన తప్పే.

[దృశ్యం: ఖాళీ ప్లాస్టిక్ కుర్చీలు.]

ఇది ఎవరినో ఎత్తిపొడవడానికి చెప్పడం లేదు. మేమూ అదే చేశాం. అరవై కుర్చీలు వేయించాం, తెర కట్టాం, సౌర కుటుంబం బొమ్మలు సిద్ధం చేసుకున్నాం. వచ్చినవాళ్లు పదకొండుమంది. అందులో నలుగురం మేమే. ‘వీళ్లకు సైన్స్ మీద ఆసక్తి లేదు’ అనుకుంటూ కుర్చీలు సర్దేశాం.

ఆ తర్వాత ఒక కోల్డ్ స్టోరేజీ పక్క సందులో ఉండే పెద్దావిడను అడిగితే అసలు సంగతి తెలిసింది.

“రాకూడదని కాదమ్మా. ఒక పూట మానితే ఆ పూట కూలి పోతుంది. మీ హాలుకు రావడానికి ఆటో డబ్బులు వేరే. వచ్చినా, చెప్పులు ఎక్కడ విడవాలో, ఎక్కడ కూర్చోవాలో తెలియదు. పిల్లలు అల్లరి చేస్తే మీరు కసురుకుంటారు.”

చెప్పుల మాట దగ్గర నాకు నోట మాట రాలేదు. కార్యక్రమం ఖర్చులన్నీ రాసుకున్నాం గానీ, గుమ్మం దగ్గర కలిగే ఆ బెరుకు మా లెక్కల్లో ఎక్కడా లేదు.

[దృశ్యం: రాత్రి ఏడున్నర. సందులో వీధి దీపం కింద పరిచిన పట్టాలు.]

రెండోసారి మేమే వాళ్ల సందుకు వెళ్లాం. తెర లేదు, మైకు లేదు. ఒక పళ్లెంలో మిరపకాయలు, ఒక బ్లేడు, కొబ్బరినూనె సీసా, చెంబుడు నీళ్లు, అంతే.

కాయను నిలువునా చీల్చి అడిగాం: “ఇందులో కారం ఎక్కువ ఎక్కడుంటుంది?”

“గింజల్లో” అన్నారు చాలామంది. గోడకు ఆనుకుని కూర్చున్న ఒకావిడ మాత్రం, “కాదు, గింజలను పట్టుకుని ఉండే తెల్లటి పొరలో. ఉట్టి గింజ చేతికి అంత మండదు” అన్నారు.

[దృశ్యం: చీల్చిన మిరపకాయ, దగ్గరగా. తెల్లటి పొర మీద బ్లేడు మొన.]

ఆవిడ చెప్పిందే నిజం. కారానికి కారణమైన క్యాప్సైసిన్ తయారయ్యేది ఆ పొరలోనే. దాన్ని అంటిపెట్టుకుని ఉండటం వల్ల గింజలకూ కాస్త అంటుతుంది. చదువుకున్నవాళ్లలోనూ చాలామంది గింజలే అనుకుంటారు. రోజూ వేల కాయలు పట్టుకునే వేళ్లకు ఆ తేడా తెలుసు.

క్యాప్సైసిన్ నీళ్లలో దాదాపు కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే ఎన్నిసార్లు చేతులు కడిగినా మంట తగ్గదు. ముందు నూనె రాసి తుడుచుకుని, ఆ తర్వాత సబ్బు పెట్టాలి. ఇది చెబుదామని మేం సీసా పట్టుకెళితే, “అది మాకు తెలుసు కదా” అన్నారు వాళ్లు. “మరి నీళ్లకెందుకు పోదు?” అని అడిగారు. అప్పుడు మొదలైంది అసలు పాఠం. కూర మీద తేలే ఎర్రటి నూనె నుంచి రసాయన శాస్త్రంలోకి వెళ్లాం.

ఇక్కడ తెలుగు మాట ఒకటి నాకు మహా ముద్దొచ్చింది. పొయ్యిలో ఉండేదీ మంటే, మిరపకాయ పుట్టించేదీ మంటే. మన శరీరంలో వేడిని పసిగట్టే ఒక రకం ప్రోటీను ఉంటుంది, పేరు టీఆర్‌పీవీ1. సుమారు 43 డిగ్రీల వేడి తగిలితే అది తలుపు తెరిచి, ‘కాలుతోంది’ అని మెదడుకు కబురు పంపుతుంది. క్యాప్సైసిన్ తగిలినా అదే తలుపు తెరుచుకుంటుంది. మెదడుకు అందేది కూడా అదే కబురు. డేవిడ్ జూలియస్ బృందం 1997లో దీన్ని కనిపెట్టింది. 2021లో ఆయనకు మరొకరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. రెండు మంటలూ ఒకే దారిన మెదడుకు చేరతాయన్న సంగతి మన అమ్మమ్మల మాటలో ముందే ఉంది. ఇది వినగానే వాళ్లు నవ్విన నవ్వుకు పక్క సందులోంచి ఇంకో పదిమంది వచ్చారు.

“మరి చిలుకకు మండదేం?” అని ఒక పిల్ల అడిగింది. పక్షుల్లోనూ ఆ ప్రోటీను ఉంటుంది గానీ, క్యాప్సైసిన్‌ను పట్టించుకోదు. పక్షులు కాయ తిని గింజలను ఎక్కడెక్కడో వేస్తాయి. మిరప మొక్కకు కావలసిందీ అదే.

[దృశ్యం: విజయవాడ, ప్రకాశం బ్యారేజీ. తెరిచిన గేట్లు.]

ఇదంతా కబుర్లుగా బాగానే ఉంది. మరి ప్రాణాల మీదకు వచ్చినప్పుడు?

2024 సెప్టెంబరు మొదట్లో కృష్ణకు వరద వచ్చినప్పుడు విజయవాడలో ప్రతి టీవీలోనూ ప్రకాశం బ్యారేజీ అంకే. రెండో తేదీన అది 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు, దాదాపు 28.3 లీటర్లు. ఇలా చెబితే ఎవరికి పడుతుంది? మన ఇళ్లకు వచ్చే ఇరవై లీటర్ల మంచినీళ్ల క్యాను తీసుకోండి. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు సుమారు క్యానున్నర. ఆ రోజు బ్యారేజీ దాటింది సెకనుకు పదహారు లక్షల క్యాన్ల నీరు.

అయితే విజయవాడలోని సింగ్ నగర్‌ను ముంచింది కృష్ణ కాదు, బుడమేరు. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే వాగు అది. దాని నీటిని కృష్ణలోకి మళ్లించే కాలువ కట్టకు గండ్లు పడ్డాయి. అందరి కళ్లూ బ్యారేజీ అంకె మీద ఉంటే నీళ్లు వెనుక వైపు నుంచి వచ్చాయి. వానాకాలానికి ముందే ఆ వీధుల్లో సుద్దముక్కతో నేల మీద బుడమేరు దారి గీసి, ఎవరి ఇల్లు ఎంత పల్లంలో ఉందో పిల్లల చేతే కొలిపించాలి. నా దృష్టిలో ఒక నగరం చేయగలిగిన అతి ముఖ్యమైన సైన్స్ ప్రదర్శన అదే. పరికరాలు కూడా పెద్దగా అక్కర్లేదు. నీళ్లు నింపిన ప్లాస్టిక్ గొట్టంతో మట్టం చూడటం ప్రతి తాపీమేస్త్రీకీ వచ్చు. ఆయననే గురువుగా పిలవండి.

[దృశ్యం: ఇద్దరు యువకుల సంజ్ఞలు. మూసిన కళ్లతో మిరపకాయను తడుముతున్న చేతులు.]

చెవులు వినిపించనివాళ్ల కోసం అనువాదకుణ్ని వేదిక మూలన చీకట్లో నిలబెడితే పని జరిగినట్టు కాదు. భారతీయ సంజ్ఞా భాషకు 2021 నాటికే పదివేల పదాల నిఘంటువు వచ్చింది. ప్రసంగానికి వారం ముందే అనువాదకుడితో కూర్చుని, మీ మాటలకు సంజ్ఞలు ఉన్నాయో లేవో చూసుకోండి. చూపు లేనివాళ్ల చేతికి వస్తువే ఇవ్వండి. కొండ మీది ఇళ్లవాళ్లను రమ్మంటే, దిగి మళ్లీ ఎక్కాల్సిన మెట్లు ఎన్నో ముందు మీరు ఎక్కి చూడండి.

ఇవేవీ కొత్త సంగతులు కావు. సైన్స్‌ను జనంలోకి తీసుకెళ్లడానికి 1988లో పుట్టిన జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు పాటలతో, నాటికలతో ఊళ్లు తిరిగిన కళాజాతాలు పాతతరానికి గుర్తుండే ఉంటాయి. ఎప్పుడో మధ్యలో మనకు ప్రొజెక్టరు దొరికింది, కాళ్లు కదలడం మానేశాయి.

[దృశ్యం: మళ్లీ ఆ సందు, అదే వీధి దీపం.]

మొదటి రాత్రి లేచి వచ్చేస్తుంటే పెద్దావిడ ఆపారు. “అమ్మా, చేతి మంట సరే. ఇరవై ఏళ్లుగా ఈ ఘాటు పీలుస్తున్నాం. లోపల ఏమైంది?”

మా సంచీలో మిరపకాయలు, బ్లేడు మాత్రమే ఉన్నాయి. తర్వాతి వారం ఊపిరితిత్తుల డాక్టరు గారిని వెంట తీసుకెళ్లాం. ఆవిడ ప్రసంగమేమీ చేయలేదు. పట్టా మీద కూర్చుని, స్టెతస్కోపు పెద్దావిడ చెవులకే పెట్టి, రెండో చివరను ఆవిడ ఛాతీ మీదే ఆనించి, “గట్టిగా ఊపిరి తీసుకోండి పిన్నిగారూ” అన్నారు.

ఆ రాత్రి వరుస తొమ్మిదిన్నర దాకా సాగింది.