బుట్ట మోసే మేనమామలు: మ్యూజియంలో బొమ్మలను ఎత్తేది ఎవరు?

(తెర మీద: విజయవాడ బందరు రోడ్డు, బాపు మ్యూజియం ప్రహరీ పక్కన చెట్టు నీడ)

నమస్కారం. ఈ వీడియోకు కారణం పోయిన నెల గుంటూరులో జరిగిన ఒక పెళ్లి. భోజనాల దగ్గర వరుసకు బాబాయి అయ్యే పెద్దమనిషి పప్పులో నెయ్యి కలుపుకుంటూ, నలుగురికీ వినబడేలా అడిగారు: “ఫైన్ ఆర్ట్స్ చదివి బొమ్మలు మోస్తున్నావటగా? హమాలీ పనికి డిగ్రీ ఎందుకురా?”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, పెళ్లి కదా. మిర్చి యార్డులో టిక్కీ, అంటే మిర్చి బస్తా, ఎత్తేవారి నడుము ఒడుపు ఒక్కసారి చూసినవారెవరూ హమాలీ అన్న మాటను తిట్టుగా వాడరు, అది వేరే సంగతి. నాకు అసలు చిరాకు తెప్పించింది ఏమిటంటే, ఈ బాబాయే గంట క్రితం పెళ్లికూతురిని బుట్టలో కూర్చోబెట్టి మండపానికి మోసుకొచ్చారు. ఆ అమ్మాయికి ఆయన మేనమామ. అప్పుడు ఆయనను ఎవరైనా హమాలీ అన్నారా?

నా ఉద్యోగాన్ని ఆర్ట్ హ్యాండ్లర్ అంటారు. తెలుగులో దానికి పేరు లేదు. పగలు ప్రదర్శనలకు వచ్చిన చిత్రాలను, శిల్పాలను విప్పడం, ఎత్తడం, తగిలించడం, మళ్లీ కట్టి పంపడం. రాత్రి నా బొమ్మలు నేను వేసుకోవడం. ఇక పేరు దొరికింది కాబట్టి, మేము బుట్ట మోసే మేనమామలం.

బుట్ట ఎత్తే ముందు మేనమామ ఏం చేస్తాడు? దారి చూస్తాడు. పందిరి రాట ఎక్కడుంది, ఫోటోగ్రాఫరు తీగలు ఎక్కడ పరిచాడు, కాళ్లకు అడ్డం పడే పిల్లలు ఎవరివాళ్లు. మేమూ అంతే. ఎక్కడ దించాలో తెలియకుండా దేన్నీ ఎత్తం. తలుపు వెడల్పు, మెట్ల మలుపు, లిఫ్టు ఎత్తు ముందే టేపుతో కొలుస్తాం. ఒకసారి ఆరడుగుల కాన్వాసును ఇద్దరం పట్టుకుని మెట్ల మీద సగం దూరం ఎక్కాక, మలుపులో అది తిరగదని తెలిసింది. మే నెల. నా నుదుటి నుంచి చెమట చుక్క ముక్కు చివరకు వచ్చి ఆగింది, దాని కింద రెండంగుళాల దూరంలో వేరొకరి ఏడాది కష్టం. తల పక్కకు తిప్పి చొక్కా భుజానికి తుడుచుకున్నాను. కొలవాల్సింది ఆ రోజు నేనే. కొలవలేదు.

తరువాత చేతి తొడుగులు. సినిమాల్లో మ్యూజియం అనగానే తెల్లటి నూలు తొడుగులు చూపిస్తారు. అది చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. మేనమామ చేతులకు పట్టు కండువా చుట్టుకుని బుట్ట పట్టుకుంటే ఏమవుతుంది? జారుతుంది. నూలు తొడుగు కూడా నున్నని పింగాణీ మీద అలాగే జారుతుంది. బంగారు రేకు అద్దిన ఫ్రేము పెచ్చుల్లో దాని పోగులు చిక్కుకుంటాయి. అందుకే ఎక్కువగా నైట్రైల్ తొడుగులు, అంటే చేతికి అతుక్కునే పలుచని రబ్బరు లాంటివి, వాడతాం. పాత కాగితాలకైతే చాలాసార్లు అవి కూడా అక్కర్లేదు. శుభ్రంగా కడిగి ఆరబెట్టుకున్న చేతులు చాలు, అంచు వేలికి తెలియాలి కదా. కుండను మూతి దగ్గరా, కూజాను పిడి దగ్గరా పట్టి ఎత్తకూడదు. విగ్రహాన్ని చేయి పట్టుకుని లేపకూడదు. పెళ్లికూతురిని జడ పట్టుకుని లేపుతామా?

బుట్టలో కూర్చునే ముందు పిన్నమ్మలు చుట్టూ చేరి బొట్టు, బాసికం, జడ సరిచూస్తారు. మా దగ్గర దాన్ని కండిషన్ రిపోర్టు అంటాం. టార్చిని ఎదురుగా వేయం, పక్క నుంచి గోడకు ఆనించినట్లు వేస్తాం. అప్పుడు నున్నగా కనిపించిన రంగులో పగుళ్లు, ఉబ్బులు, పాత మరమ్మతులు నీడలతో సహా లేచి కనబడతాయి. ప్రతి గీత రాసుకుంటాం, ఫోటో తీస్తాం. రేపు గొడవ వస్తే “మా ఇంటికి వచ్చేటప్పటికే ఈ గీత ఉంది” అని చెప్పడానికి. అవును, వియ్యాలవారి గొడవే.

పెట్టె వచ్చిన వెంటనే విప్పకపోవడం చూసి చాలామంది విసుక్కుంటారు. ఏసీ బస్సు దిగి నెహ్రూ బస్టాండులో అడుగు పెట్టగానే కళ్లద్దాలు ఎలా మసకబారతాయో తెలుసు కదా. చల్లటి లారీలో వచ్చిన చిత్రానికీ అదే జరుగుతుంది. అందుకే పెట్టెను గదిలోనే 24 గంటలు అలా ఉంచేస్తాం. చెమ్మ రాతిని కూడా వదలదు. మన అమరావతి శిల్పాలు పల్నాటి సున్నపురాయి. 1845లో వాల్టర్ ఎలియట్ అనే ఆంగ్లేయ అధికారి తవ్వించి మద్రాసుకు పంపాడు. అక్కడ ఎండకూ వానకూ ఆరుబయట పడి ఉన్నాయి. 1859లో కొన్ని ఓడెక్కి లండన్ వెళ్లాయి. బ్రిటిష్ మ్యూజియంలో మెట్ల దారి గోడలకు పొదిగారు. వాతావరణం అదుపులో ఉండే గది వాటికి 1992లో దొరికింది. అన్నేళ్లు, అన్ని చేతులు! ఆ చేతుల్లో ఎన్నింటికి రాయి మీద గౌరవం ఉందో అని అక్కడి ఫోటోలు చూసినప్పుడల్లా అనుకుంటాను.

సరే, బాబాయి అసలు ప్రశ్నకు వద్దాం: డిగ్రీ ఎందుకు? అంటే, ఈ పనికి చిత్రకారులే ఎందుకు వస్తారు? అద్దె కోసం, మొదటి కారణం అదే, దాచడం ఎందుకు. తరువాత పెద్ద పేరు తెచ్చుకున్న ముగ్గురు అమెరికన్ కళాకారులను చూడండి. న్యూయార్కులో రాబర్ట్ రైమన్ శాక్సోఫోన్ వాయించడానికి వచ్చి 1953 నుంచి 1960 దాకా ఆధునిక కళా మ్యూజియంలో కాపలా ఉద్యోగం చేశాడు. బొమ్మలు వేయడం అక్కడ ఉండగానే మొదలుపెట్టాడు. సోల్ లెవిట్ 1960లో అదే మ్యూజియంలో పుస్తకాల కౌంటరులో, రాత్రి డెస్కులో కూర్చున్నాడు. డాన్ ఫ్లావిన్ వేరొక మ్యూజియంలో కాపలా ఉంటూ విద్యుద్దీపాలతో చేయబోయే కళ గురించి కాగితాలు రాసి యూనిఫాం జేబుల్లో కుక్కుకునేవాడు. కళాకారుడిగా ఉండటానికి నీకు జీతం ఇవ్వడం లేదని పై అధికారి హెచ్చరిస్తే, నిజమేనని ఒప్పుకుని ఉద్యోగం మానేశాడు. వీళ్లు కాపలా ఉన్నవాళ్లు, కౌంటరులో కూర్చున్నవాళ్లు, మోసినవాళ్లు కాదు. ఆ తేడా చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. కానీ అదే లెవిట్ గోడచిత్రాలను 2008లో అమెరికాలోనే మాస్ మోకా అనే మ్యూజియంలో వేసింది ఆయన కాదు, ఆయన రాసిపెట్టిన సూచనలు చదివిన 65 మంది దాకా కళాకారులు, విద్యార్థులు. 105 చిత్రాలు! లెవిట్ అప్పటికి పోయి ఏడాది అయింది.

రెండో కారణం నాకు ఎక్కువ ఇష్టం. పెళ్లిలో ముందు కూర్చున్నవాళ్లకు పెళ్లికూతురి ముఖం కనిపిస్తుంది, బుట్ట మోసేవాడికి పూలజడ కనిపిస్తుంది. మేము చిత్రాల వెనక్కి చూస్తాం. కాన్వాసు ఎలా బిగించారు, మేకు ఎక్కడ మార్చారు, ఏయే ఊళ్ల చీటీలు అంటించి ఉన్నాయి, చిత్రకారుడు పెన్సిలుతో రాసి కొట్టేసిన పాత పేరు ఏమిటి. నేను కాన్వాసు మూలలు మడవడం నేర్చుకున్నది కాలేజీలో కాదు, అలా వెనక్కి తిప్పిన ఒక చిత్రం దగ్గర.

ఇక్కడ నా పోలిక కుంటుతుంది. మేనమామకు బట్టలు పెడతారు, మాకు ఆ మర్యాద ఎప్పుడూ దక్కదు. న్యూయార్కులో సదబీస్ వేలం సంస్థ 2011 ఆగస్టు 1న జీతాల ఒప్పందం కుదరక 43 మంది హ్యాండ్లర్లను పనిలోకి రానివ్వకుండా బయటే నిలబెట్టింది. వాళ్లు ఇంకా బయట ఉండగానే, 2012 మేలో, నార్వే చిత్రకారుడు మంక్ పలుమార్లు వేసిన ‘ద స్క్రీమ్’ చిత్రాల్లో ఒకటి లోపల దాదాపు 12 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయింది.

బ్యాటరీ ఎర్రగా మెరుస్తోంది. తగిలించడం గబగబా చెప్పేస్తాను. చిత్రం మధ్యభాగం నేల నుంచి 57 అంగుళాల ఎత్తులో ఉండాలి, సగటు మనిషి కంటి మట్టం. చిత్రం ఎత్తు 40 అనుకోండి, సగం 20. 57కు కలిపితే 77, అది పై అంచు. వెనక తీగను బిగించి లాగితే పై అంచుకు 5 అంగుళాలు కిందకు వస్తుందనుకోండి, అది తీసేయండి. 72. మేకు అక్కడ. బరువైతే మేకులు రెండు, స్పిరిట్ లెవల్ పెట్టి చూడండి, ముందు గోడ తడి లేదని చూసుకోండి.

బాబాయ్, మీ హాల్లో పెళ్లి ఫోటో సీలింగుకు జానెడు కింద ఉంది. పిన్ని ముఖం చూడాలంటే మెడ పట్టేస్తోంది. ఆదివారం వస్తాను, నిచ్చెన తీసిపెట్టండి. మోయడానికి రెండో మనిషి కావాలి, మీరే.