ఎర్రనేల ఎందుకు అట్ట కడుతుంది?

(అనంతపురంలో రైతులు, వ్యవసాయ విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, రైతు సోదరులకు, విద్యార్థులకు నమస్కారం.

ఈ బల్ల మీద రెండు గ్లాసుల నీళ్లున్నాయి. ఒకదానిలో వేరుశనగ చేను నడుమ నుంచి తెచ్చిన ఎండు మట్టిపెళ్లను, రెండోదానిలో అదే చేని గట్టున కానుగ చెట్టు కింద తీసిన పెళ్లను వేస్తున్నాను. చూడండి, మొదటిది బుడగలు వదులుతూ అప్పుడే విచ్చిపోయి నీళ్లను ఎర్రగా చేసింది. రెండోది ఇంకా పెళ్లగానే ఉంది. ఈ తేడా మట్టిని పట్టి ఉంచే కట్టులో ఉంది; అది ఎలా ఏర్పడుతుందో చెబుతాను.

బంకమట్టి రేణువుల మీద ఋణావేశం ఉంటుంది. కుళ్లిన ఆకులు, పెంట, వేళ్ల నుంచి వచ్చే సేంద్రియ పదార్థంలోని ఆమ్ల సమూహాలదీ ఎక్కువగా ఋణావేశమే. తమంతట తాము దూరంగా తోసుకునే ఈ రెండింటినీ, రెండు ధనావేశాలున్న కాల్షియం, మూడేసి ఉన్న ఇనుము, అల్యూమినియం నడుమ నిలిచి చెరోవైపు పట్టుకుంటాయి. బంకమట్టి, లోహం, సేంద్రియ పదార్థం అనే ఈ మూడింటి కలయికను 1967లో ఎడ్వర్డ్స్, బ్రెమ్నర్ అనే నేల శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. ఇలా ఏర్పడిన, మిల్లీమీటరులో పావు వంతుకన్నా చిన్నవైన కణికలను సన్నని వేళ్లు, బూజు దారాలు చుట్టి పెద్ద కణికలుగా కడతాయని 1982లో టిస్డాల్, ఓడ్స్ అనే మరో ఇద్దరు శాస్త్రవేత్తలు వివరించారు. చిన్నవాటి కట్టు ఏళ్ల తరబడి నిలుస్తుంది. పెద్దవాటిది మాత్రం దున్నితే తెగుతుంది, ఏటా కొత్త సేంద్రియ పదార్థం అందకపోతే సడలుతుంది. లోహం పట్టుకున్న సేంద్రియ పదార్థం సూక్ష్మజీవులకు తేలికగా దొరకదు, అందువల్ల మట్టి కట్టూ నిలుస్తుంది, సేంద్రియ పదార్థమూ నిలుస్తుంది. ఒకే ఆవేశమున్న సోడియం ఈ పని చేయలేదు. సోడియం ఎక్కువైన చౌడు నేల వానకు బురదై, ఎండకు రాయిలా బిగుసుకోవడానికి అదే కారణం, అక్కడ జిప్సం వేయించేది అందులోని కాల్షియం కోసమే.

మన ఎర్రనేలకు ఆ రంగు ఇచ్చిందే ఇనుము. లోహానికి కొదవ లేదు, అది పట్టుకోవలసిన సేంద్రియ పదార్థానికే కొదవ. వేరుశనగను వేళ్లతో సహా పీకి, కాయలను ఇంటికి, కట్టెను వామికి చేరుస్తాం. మేత కావాలి గనుక రైతును తప్పుపట్టలేను. కానీ ఆ మేత తిన్న పశువుల పెంట మళ్లీ చేనికి రాకపోతే, విత్తిన తర్వాత పడే మొదటి జడివానకే కణికలు విరిగి, సన్నని మట్టి రంధ్రాలను మూసి, ఎండగానే అట్ట కట్టి మొలకను పైకి రానివ్వదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే పడే జిల్లాలో ఆ నీరు ఇంకక పారిపోవడం నన్ను నిజంగా బాధిస్తుంది. చేనిలో గొర్రెల మందను నిలపడం, చెరువు మట్టి తోలడం మన పెద్దలు చేసిన పనులే. ఇసుక పాలు ఎక్కువైన ఎర్రనేలకు చెరువు మట్టి బంకమట్టిని కూడా ఇస్తుంది.

మీరూ ఇంటి దగ్గర చేనిపెళ్లను, గట్టుపెళ్లను ఇలాగే నీళ్లలో వేసి చూడండి. రెండూ బాగా ఎండినవై ఉండాలి; పెళ్లను లోపలి నుంచి విచ్చగొట్టే గాలి తడిపెళ్లలో అంతగా చిక్కుకోదు గనుక తేడా సరిగా తెలియదు.