ఊరు పేరు తెలియకుండా రికార్డు రూముకు పోవద్దు: ఓరుగల్లులో చుట్టాలింట ఉండి వంశం వెతకడం

[తెర మీద: తహసీల్దార్ ఆఫీసు. బీరువాలో గుడ్డ చుట్టిన పహాణీ (ఊరి భూముల, సాగుదార్ల లెక్క) కట్టలు.]

రికార్డు రూములో మిమ్మల్ని అడిగేవి రెండే. ఏ ఊరు? ఏ సర్వే నంబరు? మీ ఇంటిపేరుతో అక్కడ పనేమీ లేదు. రెవెన్యూ కాగితం ఊరి మీద, నంబరు మీద నడుస్తుంది తప్ప వంశం మీద నడవదు. అందుకే భీవండి నుంచో, షోలాపూర్ నుంచో, హైదరాబాద్ నుంచో సెలవు పెట్టుకొని వచ్చినవాళ్లు మొదటి రోజే ఆఫీసు మెట్లెక్కితే ఉత్త చేతులతో దిగాల్సిందే. ముందు పోవాల్సింది చుట్టాలింటికి. అదీ గంటసేపు కూర్చుని చాయ్ తాగి రావడానికి కాదు, నాలుగు రాత్రులు పడుకునేటట్టు పోవాలి.

[తెర మీద: వరంగల్ కొత్తవాడ గల్లీ. మగ్గం చప్పుడు.]

నేను దిగింది కొత్తవాడలో, మా మేనత్త ఇంట్లో. మాది నేత కుటుంబం. పల్లె విడిచి కొంతమంది ఆజంజాహి బట్టల మిల్లులో చేరారు, కొంతమంది భీవండి పోయారు. 1934లో మొదలైన ఆ మిల్లు 2002లో మూతపడింది. ఓరుగల్లులో చాలా ఇళ్ల చరిత్రకు అదొక మజిలీ. మీ వాళ్లలో ఎవరైనా అందులో పనిచేసి ఉంటే పాత ట్రంకు పెట్టెలో గుర్తింపు కార్డో, జీతం చీటీయో ఉందేమో ముందు అడగండి. తండ్రి పేరు, సొంతూరు ఒక్కచోటే దొరకొచ్చు.

ఇక ఎవరూ ముందుగా చెప్పని సంగతి ఒకటుంది. పాత కాగితాలు అడగగానే ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. భూములకు రేట్లు వచ్చిన రోజులు మరి. మా బావ నవ్వుతూనే అడిగాడు, “ఏం బావా, పంచాయితీ ఏమన్న పెడుతవా ఏంది?” ఆ నవ్వులో సగమే నవ్వు. కాబట్టి మొదటి రాత్రే, అందరూ అన్నానికి కూర్చున్నప్పుడు, నాకు పేర్లే కావాలి, గుంట భూమి కూడా వద్దు అని తేల్చి చెప్పండి. పట్టా పాస్‌బుక్కు ఫొటో తీయకండి. వాళ్లే తెచ్చి చూపిస్తే ఊరు, సర్వే నంబరు రాసుకొని తిరిగి ఇచ్చేయండి.

[తెర మీద: చాటలో బియ్యం, మెరిగలు ఏరుతున్న చేతులు. ముఖం చూపించవద్దు.]

అడిగే పద్ధతి కూడా ఉంది. ఏ సంవత్సరంలో అని అడిగితే పెద్దవాళ్లు “ఏమో బిడ్డా” అని ఊరుకుంటారు. ఏ లొల్లిలో, ఏ కరువులో, ఏ గత్తరలో (కలరాలో) అని అడగండి. మా అత్తమ్మ చాట ముందేసుకొని మెరిగలు ఏరుకుంటూ చెప్పింది: “మీ తాత లగ్గం రజాకార్ల లొల్లికి ముందే అయింది. పోలీసు యాక్షన్ అచ్చినప్పుడు మీ పెద్దబాపు ఇంక పాలు తాగుతున్నడు.” పోలీసు యాక్షన్ 1948 సెప్టెంబర్ 13న మొదలై 17న ముగిసింది. పాలు తాగే పిల్లగాడంటే రెండేళ్ల లోపే ఉంటాడు. అంటే పెద్దబాపు పుట్టింది 1946, 1948 మధ్యలో. ఆధార్ కార్డులో మాత్రం 1952 జూలై 1 అని ఉంది! అది బడిలో వేసుకునేటప్పుడు సారు రాసిన తేదీ. పాత తరం పుట్టినరోజులు జూన్, జూలైల్లోనే అన్ని ఎందుకు ఉంటాయో ఇప్పుడు అర్థమైందా? నేనైతే చాట పక్కన విన్న మాటనే నమ్ముతాను.

ఫోను రికార్డింగు మొదటి రోజే పెట్టకండి. కెమెరా చూస్తే మాట గంభీరమైపోతుంది, సగం సంగతులు లోపలే ఉండిపోతాయి.

పేర్ల చిక్కు ఇంకోటి. తాత పేరు మనవడికి పెట్టడం మన దగ్గర మామూలే. దాంతో ఒకే పేరు తరం విడిచి తరంలో వస్తుంది. ఎవరు ఎవరో తేల్చాలంటే భార్య పేరు, ఆమె పుట్టిల్లు రాసుకోండి. ఇంట్లో ఎవరో శ్రద్ధగా గీసిన వంశవృక్షాల్లో మగవాళ్ల పేర్లే ఉంటాయి, కోడళ్లు ఎక్కడినుంచి వచ్చారో ఉండదు. నా దృష్టిలో అవి సగం కాగితాలే. పైగా మేనరికాలు ఉన్న ఇంట్లో కొమ్మలు మళ్లీ వెనక్కి తిరిగి కలుస్తాయి. అక్క బిడ్డను చేసుకున్నచోట ఒక్క మనిషే అమ్మమ్మా అవుతుంది, అత్తా అవుతుంది. అక్కడ వరుసలు రాయకండి, పేర్లే రాయండి.

[తెర మీద: బతుకమ్మ పూలు, పక్కన ఆకులో బియ్యం, కూరగాయలు.]

వీలైతే పెత్రమాస (పితృ అమావాస్య) నాటికి పోండి. ఎంగిలిపూల బతుకమ్మ రోజే కదా, ఇల్లంతా చుట్టాలతో నిండుగా ఉంటుంది. పొద్దున అయ్యగారికి పెద్దల పేరు మీద బియ్యం ఇచ్చేటప్పుడు తండ్రి, తాత, ముత్తాత పేర్లు చెప్పాలి. మామూలు రోజుల్లో ఎంత అడిగినా గుర్తురాని ముత్తాత పేరు ఆ పూట ఎవరో ఒకరి నోట వస్తుంది. పక్కనే నిలబడి రాసుకోండి. పిల్లల పుట్టువెంట్రుకలు ఎక్కడ తీస్తారో కూడా అడగండి. ఐనవోలు మల్లన్న దగ్గరా, కొత్తకొండ వీరన్న దగ్గరా, వేములవాడ రాజన్న దగ్గరా? ఊరు మారినా ఆ మొక్కు అంత తొందరగా మారదు. పాత ఊరు ఏ దిక్కున ఉందో అది చెప్పొచ్చు.

కులానికి కథ చెప్పే వాళ్లను కూడా మరువకండి. పద్మశాలీలకు కూనపులి వాళ్లు, గొల్లలకు మందహెచ్చుల వాళ్లు, మాదిగలకు డక్కలి వాళ్లు. వాళ్లు చెప్పేది ముఖ్యంగా కులపురాణం, మీ ముత్తాత పుట్టిన తేదీ అందులో రాదు. కానీ కథ చెప్పే తమ హక్కు ఏ ఊర్ల మీద ఉందో, ఆ ఊర్లలో ఏ ఇంటిపేర్ల వాళ్లున్నారో వాళ్లకు తెలుస్తుంది.

[తెర మీద: ఉత్తర తెలంగాణ పటం. పాత జిల్లా గీతలు, వాటిమీద కొత్తవి.]

ఊరు దొరికిందా? అది అప్పుడు ఏ జిల్లాలో ఉందో చూసుకోండి. ఖమ్మం వైపు చాలా భాగం 1953 దాకా వరంగల్ జిల్లానే. కరీంనగర్‌ను 1905కు ముందు ఎలగందల్ జిల్లా అనేవారు. 2016లో వరంగల్ నుంచి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి విడిపోయాయి. చేర్యాల సిద్దిపేటకు పోయింది. కమలాపూర్, భీమదేవరపల్లి కరీంనగర్ నుంచి ఇటు వచ్చాయి, ఇప్పుడు హనుమకొండలో ఉన్నాయి.

ఇప్పుడు ఆఫీసుకు పోండి. 1954-55 నాటి ఖాస్రా పహాణీ నకలు అడగండి. పట్టాదారు పేరు ఒకటి, సాగు చేసేవారి పేరు ఒకటి, రెండూ చూడండి. అంతకు ముందుది సేత్వార్, అంటే పాత సర్వే నాటి భూముల పట్టిక, అది ఉర్దూలో ఉంటుంది. పాత కొలువు చేసిన పెద్దమనిషి ఎవరైనా చదివిపెడతారేమో గల్లీలో వాకబు చేయండి. అందులో ఫసలీ (నిజాం కాలపు రెవెన్యూ లెక్క) సంవత్సరం ఉంటే 590 కలపండి. 1357 ఫసలీ అంటే 1947లో మొదలైన ఏడాది. సొంత భూమి లేని కుటుంబమైతే నిరాశపడకండి, 1950 కౌలుదారీ చట్టం కింద రాసిన రక్షిత కౌలుదార్ల రిజిస్టరు అడగండి. పట్టా లేని తాతల పేర్లు అందులో ఉండే అవకాశం ఉంది. ఇంటి జాగా కొన్నదీ అమ్మిందీ కావాలంటే సబ్ రిజిస్ట్రార్ దగ్గర ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించాలి. ఆన్‌లైన్‌లో 1983 నుంచే వస్తుంది, అంతకు ముందుది పుస్తకాల్లో వెతికించాలి.

నకలు కోసం తిప్పుతుంటే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అన్ని రోజులు చుట్టాలింట్లో ఉండలేరు కాబట్టి, జవాబు మీ సొంత అడ్రసుకే వచ్చేలా రాయండి. అత్తమ్మ ఇంటికి తహసీల్దార్ ముద్రతో కవరు వస్తే బావ అడిగిన పంచాయితీ నిజంగానే మొదలవుతుంది.