యిత్రో వెంట వచ్చినవాళ్లు

(నరసాపురంలో సంఘపెద్దలకు, యవనస్థుల నాయకులకు, వారి కుటుంబాలకు జరిగిన ఒకరోజు కూడికలో ఒక విశ్రాంత ఉపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)

అయ్యగారికి, అమ్మగారికి, సంఘపెద్దలకు, యవనస్థులకు ప్రభువు నామంలో వందనాలు. కరపత్రంలో ‘దంపతులకు’ అని పెద్ద అక్షరాలతో వేయించాం. అయినా సగం మంది అన్నయ్యలు ఒంటరిగా వచ్చారు. ఇంట్లో ఒకరుంటే తప్ప తాము గుమ్మం దాటలేమని వాళ్లే చెప్పకనే చెప్పారు. నేను వేరే ఉపోద్ఘాతం వెతుక్కోనక్కర్లేదు.

నిర్గమకాండం 18వ అధ్యాయం తీయండి. నాయకత్వం మీద ఎక్కడ శిక్షణ జరిగినా ఈ అధ్యాయం రాక మానదు. మోషే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కడే కూర్చుని జనం తగవులు తీరుస్తున్నాడు. మామగారు యిత్రో అది చూసి, నువ్వు చేస్తున్న పని బాగాలేదన్నాడు. వెయ్యిమందికి, వందమందికి, యాభైమందికి, పదిమందికి పెద్దలను నియమించు, చిన్న తగవులు వాళ్లే తీరుస్తారు, కష్టమైనవి నీ దగ్గరికి వస్తాయి అన్నాడు. మోషే విన్నాడు. బోధకులు ఇక్కడితో ఆపేసి టీకి పంపిస్తారు.

వాళ్లు చదవడం మొదలుపెట్టేది 13వ వచనం దగ్గర. దాని పైన పన్నెండు వచనాలున్నాయి. యిత్రో ఊరికే చుట్టపుచూపుగా రాలేదు. మోషే అంతకుముందు పంపేసిన భార్య సిప్పోరాను, గెర్షోము, ఎలీయెజెరు అనే ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకుని వచ్చాడు. మోషే ఎదురెళ్లి మామగారికి వంగి నమస్కరించాడు, ముద్దు పెట్టుకున్నాడు, గుడారంలోకి తీసుకెళ్లి దేవుడు చేసిందంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. భార్యాబిడ్డలను ఏమని పలకరించాడో అధ్యాయంలో లేదు. పలకరించే ఉంటాడు. మోషేలో తప్పులు వెతకడానికి నేను నిలబడలేదు. మర్నాడు న్యాయం తీర్చడానికి కూర్చుని సాయంత్రం దాకా లేవలేదని మాత్రం రాసి ఉంది.

కూతురిని కాపురానికి దిగబెట్టడానికి వచ్చిన తండ్రి కళ్లతో ఆ రోజును చూడండి. మన వైపు అయితే ఆయన రెండు రోజులు నోరు విప్పడు. మూడో రోజు అరుగు మీద కూర్చుని, ‘అల్లుడుగారికి పని ఒత్తిడి ఎక్కువే’ అని గాలిలోకి అంటాడు. యిత్రో అంత చుట్టుతిప్పలేదు. యిత్రో సలహాకు కూతురి కాపురమే కారణమని లేఖనం చెప్పలేదు, అది నా ఊహ. కానీ ఆ సలహా ఇచ్చింది శిక్షకుడు కాదు, పిల్లనిచ్చిన మామ అన్నది ఊహ కాదు.

ఇంకో మాట 23వ వచనంలో ఉంది. ఇలా చేస్తే నువ్వు తట్టుకోగలవు, ఈ జనం కూడా సమాధానంగా తమ చోట్లకు వెళ్తారు అన్నాడు. పొద్దున్నుంచి వరుసలో నిలబడ్డవాళ్లకూ గుడారాలున్నాయి, పొయ్యి మీద ఎసరు ఉంది, ఎదురుచూసే పిల్లలున్నారు. నాయకుడు పని పంచకపోతే ఆలస్యమయ్యేది ఆయన ఒక్క ఇల్లే కాదు. మన కమిటీ సమావేశాలు రాత్రి పది దాటినప్పుడు ఎన్ని ఇళ్లలో అన్నం గిన్నె మీద మూత అలాగే ఉంటుందో, ఈసారి తీర్మానాల పుస్తకంలో అదీ రాయించండి.

మన డెల్టాలో డిసెంబరు ఎలా ఉంటుందో మీకు చెప్పాలా? సార్వా (వానాకాలపు వరి) కోతలు, కుప్పనూర్పిళ్లు, రోడ్డు పక్కన ఆరబోసిన ధాన్యం, వాయుగుండం అంటే చాలు బరకాలు పట్టుకుని పరుగులు. అదే నెలలో గుడికి రంగులు, చందాలు, సెమీ క్రిస్మస్‌లు, అర్ధరాత్రి దాకా క్యారల్స్, ప్రేమవిందుకు వంటవాళ్లు, పిల్లల నాటికకు తెల్లబట్టలు. ఇన్నిటికీ ఒకే మనిషి. ఆయన మొలకు ఒక తాళాలగుత్తి. కానుకల పెట్టె తాళం, బీరువా తాళం, మైకు సెట్టు గది తాళం, ప్రభువు బల్ల గిన్నెలుండే పెట్టె తాళం, అన్నీ ఆ గుత్తికే. ఏ తాళంచెవి దేనిదో ఆయన వేళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. ఆయన బంధువుల పెళ్లికి భీమవరం వెళ్తే ఆ ఆదివారం మైకు ఉండదు. ‘ఆయన లేకపోతే సంఘం నడవదండీ’ అని మనం మెచ్చుకుంటాం, ఆయన తలవంచుకుని మెత్తగా నవ్వుతాడు. పెద్దగా నిలబెట్టి ఇరవై ఏళ్లయినా రెండో మనిషికి తాళం తీయడం నేర్పలేదంటే, ఆ మనిషి సేవలో అలిసిపోయాడు గాని నాయకుడిగా ఎదగలేదు. కటువుగా ఉంటే క్షమించండి, బడిపంతులమ్మ నోరు.

కాలువ కింద సేద్యం చేసేవాళ్లకు శివారు చేను అంటే ఏమిటో విడమరచనక్కర్లేదు. దాళ్వాలో, అంటే రెండో పంటకు, గోదావరి తగ్గితే కాలువ చివరనున్న ఆ చేనే మొదట ఎండుతుంది. ఎగువ వాళ్లు దుర్మార్గులని కాదు, నీరు ముందు వాళ్ల తూములకు అందుతుంది, అంతే. మన ఇల్లు మన కాలానికి శివారు చేనుగా మారింది. సంఘం, ఉద్యోగం, చెరువు మీద రొయ్యల మేత, ఫోను, ఇవన్నీ తాగగా మిగిలిందేమైనా ఉంటే ఇంటికి. నీటి ఎద్దడి వచ్చినప్పుడు అధికారులు ఏం చేస్తారు? వంతులు పెడతారు. మీ వంతు రోజున ఎగువవాడు తూము మూయాలి. నేను అడిగేది అదే. వారంలో ఒక సాయంత్రం ఇంటి వంతు. ఆ సాయంత్రం ప్రార్థన కూడికలు కూడా ఉండవు. ‘ప్రార్థన కూడా వద్దా అమ్మా’ అనకండి. కుటుంబ ప్రార్థన ప్రార్థనే.

దేవుడి పని అనే మాటకు మన దగ్గర ఎదురు లేదు. ప్రభువు దగ్గర ఉంది. మార్కు సువార్త 7వ అధ్యాయంలో, తల్లిదండ్రులకు పెట్టవలసినదాన్ని ‘కొర్బాను’, అంటే దేవుడికి అర్పితం, అని చెప్పి చేతులు దులుపుకునేవాళ్లను ఆయన గట్టిగా నిలదీశాడు. ఉజ్జీవ సభలకు వెయ్యి రూపాయలిచ్చి, కంటి ఆపరేషనుకు అమ్మను కాకినాడ తీసుకెళ్లడానికి తీరిక లేదనేవాడు ఆ అధ్యాయం ఒకసారి బిగ్గరగా చదువుకోవాలి.

మనకు సువార్త తెచ్చినవాళ్ల ఇళ్లనూ చూద్దాం. 1836లో ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్ నుంచి విలియం బౌడెన్, జార్జ్ బీర్ భార్యలతో కలిసి బయలుదేరి ఈ నరసాపురం చేరారు. ఒకాయన రాతిపని చేసేవాడు, ఇంకొకాయన చెప్పులు కుట్టేవాడు. వాళ్ల పిల్లల్లో కొందరు పెద్దయ్యాక ఈ డెల్టాలోనే సేవలో నిలిచారు. ఏ ఇంటి పిల్లలైనా తండ్రి పనిని తమంతట తాము ఎత్తుకున్నారంటే ఆ పని వాళ్ల తండ్రిని వాళ్లకు పూర్తిగా దూరం చేయలేదని నాకు అనిపిస్తుంది.

ఇంకో ఇల్లు వేరు. 1818లో తెలుగు కొత్త నిబంధన బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయింది, దాని వెనుక ఉన్నవాడు ఇంగ్లండు మిషనరీ విలియం కేరీ. ఆయన భార్య డొరొతీ ఇండియాకు మొదట రానంది, చివరికి బయలుదేరింది. ఇక్కడికి వచ్చాక 1794లో కొడుకు పీటర్ చనిపోయాడు. ఆమె మనసు చెదిరింది, 1807లో కన్నుమూసే దాకా కుదుటపడలేదు. మనం చేతపట్టుకున్న గ్రంథం వెనుక ఆమె కూడా ఉంది. కేరీని బోనెక్కించే అర్హత నాకు లేదు. కానీ ఆమె పడ్డ బాధను ‘త్యాగం’ అని ప్రసంగాల్లో మనమే అర్పించేయడం నాకు మింగుడుపడదు. అర్పించేవాళ్లను ముందు అడగాలి కదా.

గల్ఫ్ సంగతి ఎత్తకుండా ఇక్కడ కుటుంబం గురించి మాట్లాడలేం. కోనసీమ నుంచి, మన వైపు నుంచి ఎందరు తల్లులు కువైట్‌లో, మస్కట్‌లో ఇళ్లలో పని చేస్తున్నారు! సన్‌డే స్కూల్‌కు పిల్లలను తీసుకొచ్చేది అమ్మమ్మలు. కువైట్‌లో సెలవు శుక్రవారం, అక్కడి సంఘాల ఆరాధనా ఆ రోజే. మనకు రాత్రి తొమ్మిదిన్నర అయితే అక్కడ ఏడు. ఆ వేళకు యజమాని ఇంట్లో వంట నడుస్తుంటుంది. ఆ తల్లికి ఫోనులో బిడ్డ ముఖం కనిపించేది ఎప్పుడో కనుక్కుని, కుటుంబ ప్రార్థన ఆ వేళకు మార్చుకున్న తండ్రి ఒకాయన మా సంఘంలో ఉన్నాడు. పిల్లలు నిద్రమత్తులో కీర్తన చదువుతారు, సగం మాటలు తెగిపోతాయి. ఆయనను ఎవరూ ఏ కమిటీలోకీ ఎన్నుకోలేదు. నేనైతే వచ్చే ఎన్నికల్లో ఆయన పేరే చెబుతాను.

తన ఇంటివారిని ఏలనేరనివాడు సంఘాన్ని ఎలా కాపాడతాడని తిమోతికి రాసిన మొదటి పత్రిక 3వ అధ్యాయం అడుగుతుంది. నిజమే. కానీ ఆ వచనాన్ని కర్రలా పట్టుకుని, ఎవరి కొడుకో తాగి పడిపోయాడని తండ్రిని గుడి మెట్ల మీద నిలబెట్టేవాళ్లను చూశాను. యాజకుడు ఏలీ, దారితప్పిన ఆయన కొడుకుల గురించి దేవుడి తీర్పు మోసింది బాల సమూయేలు. అదే సమూయేలు ముసలివాడయ్యాక ఆయన కొడుకులు యోవేలు, అబీయా లంచాలు తిన్నారు. ఏ ఇంటికీ హామీ లేదు. ఆ వచనం ఎవరిని వారు పరీక్షించుకోవడానికి.

భోజనాల తరువాత మీకు తలా ఒక కాగితం ఇస్తాం. సంఘంలో మీరు చేసే పనులు ఒక వైపు రాయండి. ఎదురుగా, ఆ పని ఇప్పుడు మీ దగ్గర నేర్చుకుంటున్న మనిషి పేరు రాయండి. ‘అందరూ’ అని రాయకూడదు, ఒక మనిషి పేరు కావాలి. పేరు లేకపోతే ఖాళీ వదిలేయండి, దిద్దడానికి మార్కులేమీ లేవు. కాగితాలు నేను చూడను. ఇంటికి తీసుకెళ్లి ఇంట్లోవాళ్ల చేతికివ్వండి. ఖాళీల్లో ఎవరి పేర్లు రాయవచ్చో వాళ్లకు మనకంటే బాగా తెలుసు. ఒంటరిగా వచ్చినవాళ్లు రెండేసి కాగితాలు తీసుకోండి.