తాతల ఫొటోలు హంతకుల బీరువాలో

వ్యాఖ్యాత: నమస్కారం. ఆగస్టు 2 దగ్గరపడుతోంది. ఒకప్పుడు ‘జిప్సీలు’ అని పిలిచిన యూరప్ రోమా ప్రజలు, నాజీలు చంపిన తమవాళ్లను తలచుకునే రోజు అది. నేను చదివిన బడి పుస్తకాల్లో హిట్లర్ ఉన్నాడు, యూదుల గురించి ఉంది, రోమాల ఊసే లేదు. ఈరోజు మనతో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మేడమ్ ఉన్నారు. మేడమ్, ఆ తేదీతోనే మొదలుపెడదామా?

అతిథి: అలాగే బాబూ. 1944 ఆగస్టు 2 రాత్రి, ఆక్రమిత పోలండ్‌లోని నాజీ శిబిరం ఆష్విట్జ్-బిర్కెనావ్‌లో రోమా, సింతీ కుటుంబాలను ఉంచిన విభాగాన్ని ఖాళీ చేశారు. సింతీలంటే జర్మనీ ప్రాంతంలో తరతరాలుగా ఉంటున్న రోమా శాఖవాళ్లు. పనికొస్తారనుకున్నవాళ్లను అప్పటికే వేరే శిబిరాలకు పంపేశారు. మిగిలింది ముసలివాళ్లు, తల్లులు, పిల్లలు. దాదాపు 4,300 మందిని ఆ రాత్రి గ్యాస్ చాంబర్లలో చంపారు. ఆ విభాగానికి తెచ్చిన 23,000 మందిలో 21,000 మంది దాకా పోయారు. యూరప్ మొత్తం మీద రెండున్నర లక్షల నుంచి ఐదు లక్షల దాకా అంచనా వేస్తారు.

వ్యాఖ్యాత: అంత జరిగినా బతికినవాళ్లు చాలాకాలం నోరు విప్పలేదంటారు. భయమా?

అతిథి: భయం ఉంది, సిగ్గూ ఉంది. కానీ ‘వాళ్లు చెప్పుకోలేదు’ అనే మాట నాకు నచ్చదు. చెప్పబోతే విన్నదెవరు? 1956లో పశ్చిమ జర్మనీ అత్యున్నత న్యాయస్థానం ఏమన్నదో తెలుసా? 1943కు ముందు వీళ్ల మీద తీసుకున్న చర్యలు జాతి ద్వేషంతో కాదు, నేరాల నివారణ కోసమే అన్నది. పరిహారం అడగడానికి వెళ్లినవాడికి ‘నువ్వు దొంగవి’ అని మళ్లీ ముద్ర వేసి పంపారన్నమాట. 1963లో ఆ తీర్పును కొంత సవరించారు. ఈలోగా కోర్టుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగినవాళ్లు తిరిగారు, విసిగిపోయి ఊరుకున్నవాళ్లు ఊరుకున్నారు.

వ్యాఖ్యాత: అసలు ఎవరు రోమా, ఎవరు కాదు అని నాజీలు ఎలా తేల్చారు?

అతిథి: కాగితాలతో. రాబర్ట్ రిట్టర్ అనే వైద్యుడు బెర్లిన్‌లో ఒక పరిశోధన కేంద్రం నడిపాడు. అతని మనుషులు ఊరూరా తిరిగి వంశవృక్షాలు రాశారు, తలలు కొలిచారు, ఫొటోలు తీశారు. ఎవరిలో ఎంత ‘జిప్సీ రక్తం’ ఉందో చెబుతూ దాదాపు 24,000 నివేదికలు తయారుచేశారు. అతని సహాయకురాలు ఎవా జస్టిన్ రొమానీ భాష నేర్చుకుని మరీ మాట కలిపేది. మల్ఫింగెన్ అనే ఊళ్లోని అనాథాశ్రమంలో సింతీ పిల్లలు ఉండేవారు. తన డాక్టరేట్ కోసం వాళ్లను పరీక్షించింది, ఆడుకుంటుంటే ఫిల్ము తీసింది. పరిశోధన ముగిసింది. 1944 మే నెలలో దాదాపు 40 మంది పిల్లలను ఆష్విట్జ్‌కు పంపారు. బతికింది నలుగురు.

వ్యాఖ్యాత: ఆవిడకు శిక్ష పడిందా?

అతిథి: శిక్షా! యుద్ధం తర్వాత ఫ్రాంక్‌ఫర్ట్ నగరపాలనలో ఉద్యోగం దొరికింది. ఆమె మీద దర్యాప్తు మొదలుపెట్టి, ఆనక మూసేశారు. ఇక రిట్టర్ కేంద్రం కాగితాలు చేతులు మారి ట్యూబింగెన్ విశ్వవిద్యాలయానికి చేరాయి, యుద్ధం తర్వాత కూడా పరిశోధనకు వాడుకున్నారు. తన తాత ఫొటో ఎక్కడుందో మనవడికి తెలియదు, హంతకుల సహచరుల బీరువాలో భద్రంగా ఉంది. 1981 సెప్టెంబరు 1న సింతీలు వెళ్లి ఆ విశ్వవిద్యాలయ ఆర్కైవ్‌లో బైఠాయించారు. ఆ కాగితాలను కోబ్లెంజ్‌లోని జాతీయ ఆర్కైవ్‌కు తరలించేలా చేశారు. అందుకే నేనంటాను, ఈ జ్ఞాపకం వారసత్వంగా వచ్చి ఒళ్లో పడలేదు. రెండో తరం కొట్లాడి రాబట్టుకుంది.

వ్యాఖ్యాత: దానికి ముందు నిరాహార దీక్ష కూడా జరిగింది కదా?

అతిథి: 1980 ఈస్టర్‌కు, డాఖావ్ శిబిరం ఉన్న చోటనే. తమవాళ్లపై జరిగింది గుర్తించాలని పన్నెండు మంది కూర్చున్నారు. శిబిరాల నుంచి బతికి వచ్చిన పెద్దలూ ఉన్నారు, యుద్ధం తర్వాత పుట్టిన సింతీ నాయకుడు రోమానీ రోజ్ లాంటివాళ్లూ ఉన్నారు. రెండు తరాలు ఒకే చోట! ఆ తర్వాత రెండేళ్లకు, 1982లో, ఛాన్సలర్ హెల్ముట్ ష్మిట్ ఇది జాతి కారణంగా జరిగిన మారణహోమమేనని ఒప్పుకున్నాడు.

వ్యాఖ్యాత: జర్మనీ బయట?

అతిథి: చెక్ దేశంలోని లేటీ కథ వింటే ఒళ్లు మండుతుంది. అక్కడి రోమా శిబిరానికి కాపలా కాసింది చెక్ పోలీసులే. 1,300 మంది దాకా ఖైదీలు, 300 మందికి పైగా అక్కడే చనిపోయారు, వారిలో చాలామంది పసిపిల్లలు. 1970లలో ఆ నేల మీద పందుల పెంపక కేంద్రం కట్టారు! బంధువులు దండలు పట్టుకుని వెళ్తే ఆ కంపు కొట్టేది. దశాబ్దాల పోరాటం తర్వాత ప్రభుత్వం దాన్ని కొని కూల్చింది. 2024లో స్మారకం తెరిచారు.

వ్యాఖ్యాత: రొమానీ మన ఉత్తరాది భాషలకు చుట్టమే కదా. మనకు ఇంకేమైనా సంబంధం కనిపిస్తుందా?

అతిథి: చుట్టరికం నిజమే. నాకు మాత్రం స్టువర్టుపురం గుర్తొస్తుంది. మారణహోమంతో పోల్చడం లేదు, రిజిస్టరు సంగతే అంటున్నాను. బ్రిటిష్ వాళ్లు కొన్ని తెగలను పుట్టుకతోనే నేరస్థులని చట్టం రాసి, పేర్లు ఎక్కించి, వేలిముద్రలు తీసుకున్నారు. చట్టం 1952లో పోయింది. ఊరి పేరు చెబితే మొహం మారడం పోయిందా?

వ్యాఖ్యాత: ఇప్పటి పిల్లల సంగతి ఏమిటి మేడమ్? సాక్షులు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు.

అతిథి: ఆగస్టు 2న రోమా యువతీయువకులు అనేక దేశాల నుంచి ఆష్విట్జ్‌కు వస్తారు. అయితే వాళ్ల ముందు ఒక చిక్కు ఉంది. ముత్తవ్వ ఫొటో దొరికింది. తీసింది రిట్టర్ మనిషి. పక్కనుంచి ఒకటి, ఎదురుగా ఒకటి, కింద నంబరు. దాన్ని ఇంట్లో గోడకు పెట్టుకోవాలా?

వ్యాఖ్యాత: మీరైతే?

అతిథి: ఒంటరిగా పెట్టను. హైడెల్‌బెర్గ్‌లో సింతీ, రోమాల కేంద్రం ఉంది. అక్కడి ప్రదర్శనలో నాజీ పత్రాల పక్కనే కుటుంబాలు దాచుకున్న ఫొటోలు పెట్టారు. ఆ కొలతల కాగితం చూసి, పక్కనే ఆ మనుషులు తమ ఇష్టంతో కెమెరా ముందు నిలబడిన తీరు చూస్తే, ఏది ఎవరు చెప్పిన కథో తెలిసిపోతుంది. జర్మనీలో మన తెలుగు పిల్లలు చాలామంది చదువుకుంటున్నారు. హైడెల్‌బెర్గ్ కోట ముందు ఫొటోలు దిగుతుంటారు. ఆ కేంద్రం కోట కిందనే, పాత ఊళ్లో ఉంది. ఈసారి దిగేటప్పుడు అటు కూడా వెళ్లమని చెప్పు.