37 పెన్నీల పళ్లెం

(హోటల్ మేనేజ్‌మెంట్ విద్యార్థుల కోసం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

టీవీలో వంట అనగానే మీ కళ్ల ముందు ఏం మెదులుతుందో నాకు తెలుసు. తళతళలాడే స్టవ్వు, ముందే తరిగి గాజు గిన్నెల్లో సర్దిన కూరగాయలు, ముఖాన చెమట చుక్క లేని చెఫ్. ఈ రోజు నేను మాట్లాడబోయే జేమీ ఆలివర్‌కి ఆ వైభవమంతా ఉంది. ఆయన పేరు మీద నడిచిన రెస్టారెంట్లు, ఆయన పుస్తకాలు, ఆయన పేరు వేసిన గిన్నెలు చాలా దేశాలకు వెళ్లాయి. అయినా ఆయన గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ముందుగా గుర్తొచ్చేది లండన్‌లో గ్రెనిచ్ ప్రాంతంలోని కిడ్‌బ్రూక్ హైస్కూలు వంటగది. అక్కడ ఒక్కో పిల్లవాడి భోజనానికి సరుకుల ఖర్చు కింద ఇచ్చేది 37 పెన్నీలు. పౌండుకి నూరు పెన్నీలు, అందులో 37. ఖరీదైన డిన్నర్లు వడ్డించిన మనిషి ఆ లెక్క దగ్గర బిక్కమొహం వేశారు. ఆయన జీవితంలో మీరు చదువుకోవాల్సిన అధ్యాయం అదేనని నా నమ్మకం. అక్కడికి వస్తాను.

జేమీ 1975 మే 27న ఎసెక్స్‌లోని క్లావరింగ్ అనే పల్లెలో పుట్టారు. తల్లిదండ్రులు అక్కడే 'ది క్రికెటర్స్' అనే పబ్ నడిపేవారు. కూరలు తరుగుతూ, గిన్నెలు తోముతూ ఆ వంటింట్లోనే పెరిగారు. చదువు అబ్బలేదు. డిస్‌లెక్సియా వల్ల అక్షరాలు కుదురుగా నిలబడేవి కావు. ఒక నవల మొదటి నుంచి చివరి దాకా చదవడం తనకు 38వ ఏట గానీ సాధ్యపడలేదని తర్వాత ఆయనే చెప్పుకున్నారు. పదహారేళ్లకు బడి మానేసి లండన్‌లో వెస్ట్‌మినిస్టర్ క్యాటరింగ్ కాలేజీలో చేరారు. మీలో బడిలో మార్కులు రాక ఈ కోర్సుకి వచ్చామని లోలోపల చిన్నబుచ్చుకునేవాళ్లు ఉంటే, ఈ రెండు వాక్యాలు వాళ్ల కోసమే చెప్పాను.

ఆ తర్వాత ఆంటోనియో కార్లూచియో నడిపిన నీల్ స్ట్రీట్ రెస్టారెంటులో చేరారు. అక్కడ దొరికిన గురువు జెన్నారో కాంటాల్డో, ఇటలీ దక్షిణ తీరం నుంచి వచ్చిన వంటవాడు. పిండి ముట్టుకుని దాని స్థితి చెప్పగలిగే మనిషి. ఆయన దగ్గరే జేమీకి రొట్టె, పాస్తా చేయడం వంటబట్టింది. జేమీ ఎంత పెద్దవాడైనా ఆ గురువుని వదల్లేదు, కెమెరా ముందుకీ తన వ్యాపారంలోకీ వెంట తీసుకెళ్లారు.

అక్కడి నుంచి థేమ్స్ ఒడ్డున ఉన్న రివర్ కేఫ్. రోజ్ గ్రే, రూత్ రోజర్స్ అనే ఇద్దరు స్త్రీలు నడిపిన రెస్టారెంటు అది. 1997లో బీబీసీ వాళ్లు దాని మీద డాక్యుమెంటరీ తీయడానికి వచ్చారు. జేమీ చెప్పిన ప్రకారం ఆ రోజు ఆయనకు డ్యూటీ లేదు, ఎవరో రాలేదంటే వాళ్ల బదులు వచ్చారు. కెమెరా వైపు చూడకుండా, ఆ తొందరలోనే వండుతూ గలగలా మాట్లాడారు. కార్యక్రమం ప్రసారమయ్యాక టీవీ నిర్మాతల నుంచి ఫోన్లు రావడం మొదలైంది. దీన్ని అదృష్టం అంటారు, నేనూ కాదనను. కాకపోతే మానేయదగ్గ షిఫ్టుకి వచ్చి నిలబడ్డవాడికి ఆ అదృష్టం తగిలింది.

1999లో బీబీసీలో 'ది నేకెడ్ చెఫ్' మొదలైంది. పేరు వినగానే ఆయనే వద్దన్నారట. బట్టలు లేనిది నాకు కాదు, వంటకి ఏ అలంకారమూ లేదని దాని అర్థం అని వివరించుకోవాల్సి వచ్చింది. నిర్మాత ప్యాట్రీషియా లూయెలిన్ ఒక ఎత్తు వేశారు. అంతవరకు టీవీ చెఫ్ కెమెరాలోకి చూస్తూ పాఠం చెప్పేవాడు. ఈమె కెమెరా పక్కన నిలబడి ప్రశ్నలు అడిగేవారు, జేమీ వంట ఆపకుండా ఆమెకి జవాబు చెప్పేవారు. దాంతో చూసేవాళ్లకి పాఠం వింటున్నట్టు ఉండేది కాదు, వంటింటి గుమ్మంలో నిలబడి కబుర్లు వింటున్నట్టు ఉండేది. తులసి జాతి ఆకుని కత్తి పెట్టకుండా చేత్తో తుంచి వేయడం, ఆలివ్ నూనె చెంచా లేకుండా సీసాతో ఒంపడం, 'ఓ గుప్పెడు' అనడం. గ్రాముల్లో కొలిచే దేశంలో ఈయన చేతి కొలత, కంటి కొలత మాట్లాడారు. పిడికెడు, చారెడు, చిటికెడు అని మన ఇళ్లలో పుట్టిపెరిగిన మనకి అదేం కొత్త కాదు గానీ, వంటగదిలో అడుగు పెట్టడానికి నామోషీ పడే కుర్రాళ్లకి అక్కడ అది తలుపు తీసింది.

తర్వాత సూపర్‌మార్కెట్ ప్రకటనలు, పుస్తకాలు, డబ్బు. ఆ భాగం అందరి కథలోనూ ఒకేలా ఉంటుంది కాబట్టి దాటేస్తాను.

2002లో ఆయన లండన్‌లో 'ఫిఫ్టీన్' అనే రెస్టారెంటు తెరిచారు. పదిహేను మంది నిరుద్యోగ యువతీ యువకులను తీసుకుని, వాళ్లకి వంట నేర్పి, వాళ్లతోనే నడిపించాలని సంకల్పం. సొంత ఇల్లు తాకట్టు పెట్టారు. ఆ ప్రయత్నాన్ని టీవీ కెమెరాలు మొదటి నుంచీ వెంటాడాయి. పొద్దున లేవలేక రానివాళ్లు, అరిస్తే అలిగి వెళ్లిపోయినవాళ్లు, నాలుక మీద కొత్త రుచి పెట్టుకోవడానికే భయపడ్డవాళ్లు అందులో కనిపిస్తారు. కొందరు మధ్యలోనే మానేశారు. నిలబడ్డవాళ్లు వంటవాళ్లయ్యారు. లాభం సేవాసంస్థకి పోయేలా ఏర్పాటు చేశారు. తర్వాత ఆమ్‌స్టర్‌డామ్‌లో, కార్న్‌వాల్‌లో, మెల్‌బోర్న్‌లో కూడా ఆ పేరుతో రెస్టారెంట్లు వచ్చాయి. నేను ఇరవై ఏళ్లుగా వంట నేర్పుతున్నాను. శిక్షణకి వచ్చినవాళ్లతో డబ్బు పెట్టి తినే అతిథికి వడ్డించడం ఎంత సాహసమో నాకు తెలుసు. ఒక్క ప్లేటు వెనక్కి వస్తే ఆ పిల్లవాడి ధైర్యం వారం రోజులు కోలుకోదు.

ఇప్పుడు కిడ్‌బ్రూక్‌కి వస్తాను.

2005లో ఛానెల్ 4లో ఆ బడి వంటగది మీద నాలుగు భాగాల కార్యక్రమం వచ్చింది. అప్పట్లో ఇంగ్లండు బడుల్లో చాలాచోట్ల వంట అంటే ఫ్రీజర్ లోంచి తీసి, అట్టపెట్టె చింపి, ఓవెన్‌లోకి తోయడమే. టర్కీ కోడి మాంసంలో పిండీ కొవ్వూ కలిపి మెలితిప్పిన 'ట్విజ్లర్' అనే పదార్థం ఆ రోజుల్లో అపఖ్యాతికి ఎక్కింది. కిడ్‌బ్రూక్ వంటగదికి పెద్ద నోరా శాండ్స్. ఆవిడ కింద కొద్దిమంది ఆడవాళ్లు, వందల మంది పిల్లలు, కచ్చితమైన గంట. జేమీ వచ్చి తాజా కూరగాయలతో వండుతానన్నారు. మొదటి రోజుల్లో ఆయన వంట ఖర్చు 37 పెన్నీలు దాటింది, టైము దాటింది, పిల్లలు ముద్ద ముట్టకుండా చెత్తబుట్టలో పారేశారు. నోరా శాండ్స్ ఆయన ముఖం మీదే చెప్పింది, ఇది నీ రెస్టారెంటు కాదని.

నేనైతే ఆ దృశ్యం ఎన్నిసార్లు చూసినా ఆవిడ చేతుల్నే చూస్తాను. అరిచి, గొడవపడి, తిరిగి ఆ ఉల్లిపాయల బుట్ట ముందేసుకుని తరగడానికి కూర్చునేది. ప్యాకెట్ చింపేటప్పుడు లేని పని ఇప్పుడు నెత్తిన పడింది. ఆ అదనపు గంటలకి వచ్చే జీతం సంగతి ఎవరూ ముందు ఆలోచించలేదు. బడి వంటవాళ్లని సైన్యం వంట శిక్షణకి కూడా పంపారు. పెద్ద పాత్రల్లో వందల మందికి వండే పద్ధతి వాళ్లకి మళ్లీ నేర్పాల్సి వచ్చింది. ఎందుకంటే అట్టపెట్టెలు ఆ విద్యని వాళ్ల చేతుల్లోంచి లాగేసుకున్నాయి. జేమీ నేర్చుకున్నది కూడా తక్కువ కాదు. సాస్‌లో కూరగాయలు మెత్తగా రుబ్బి కలపడం, పిల్లలతోనే వండించి తినిపించడం, మెనూలోంచి చెత్త తిండిని పూర్తిగా తీసేయడం, ఇవన్నీ దెబ్బలు తిన్నాక వచ్చిన ఉపాయాలు. కోడి ఎముకల గూడు, చర్మం, కొవ్వు పిల్లల ముందే మిక్సీలో వేసి ముద్ద చేసి నగ్గెట్ అంటే ఇదీ అని చూపిస్తే ఇంగ్లండు పిల్లలు ఛీ అన్నారు. 2010లో అమెరికాలోని హంటింగ్టన్‌లో ఇదే ప్రదర్శన చేస్తే, ఇంకా తింటామని పిల్లలు చేతులెత్తారు. ఆ చేతులు చూసి ఆయన ముఖం వాడిపోవడం కెమెరాలో దాగలేదు.

2005 మార్చిలో 2,71,677 సంతకాలతో ఆయన ప్రధాని టోనీ బ్లెయిర్ నివాసానికి వెళ్లారు. ప్రభుత్వం 28 కోట్ల పౌండ్లు ఇస్తామంది. ప్రాథమిక బడుల్లో సరుకుల ఖర్చు కనీసం 50 పెన్నీలు, హైస్కూళ్లలో 60 పెన్నీలు చేసింది. తర్వాత పోషకాహార ప్రమాణాలు వచ్చాయి. మిషెల్ బెలో, జొనాథన్ జేమ్స్ అనే ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు గ్రెనిచ్ బడుల లెక్కలు తీసి చూశారు. ఇంగ్లీషు, సైన్సు ఫలితాలు మెరుగయ్యాయి, ఒంట్లో బాగాలేక పెట్టే సెలవుల్లాంటి గైర్హాజరు 14 శాతం తగ్గింది. కూర మారితే సైన్సు మార్కులు మారాయి. ఈ వాక్యం నేను మొదటిసారి చదివినప్పుడు కాసేపు పుస్తకం పక్కన పెట్టి కూర్చున్నాను.

అంతా సాఫీగా సాగలేదు. కొత్త మెనూ వచ్చాక మొదట్లో చాలాచోట్ల బడిలో తినే పిల్లల సంఖ్య తగ్గింది. 2006లో రోథరమ్ దగ్గర రామార్ష్ బడిలో కొందరు తల్లులు కంచె సందుల్లోంచి పిల్లలకు బర్గర్లు, చిప్స్ అందించారు. పత్రికలు వాళ్లని ఆడిపోసుకున్నాయి. జేమీ కూడా తల్లిదండ్రుల మీద నోరు జారారు. అది తప్పు, గట్టిగానే చెప్తున్నాను. చేతిలో డబ్బు, వంటింట్లో తీరిక ఉన్నవాళ్లు లేనివాళ్లకి తిండి గురించి నీతులు చెప్పడం కంటే నొప్పి కలిగించే పని ఇంకోటి లేదు. రెండేళ్ల తర్వాత ఆయన అదే రోథరమ్‌కి వెళ్లారు, ఆ తల్లుల్లో ఒకావిడని కలిశారు, ఊళ్లో వంట నేర్పే కేంద్రం పెట్టారు. ఒకరు ఇద్దరికి నేర్పాలి, ఆ ఇద్దరూ చెరో ఇద్దరికి నేర్పాలి అన్నది అక్కడి పద్ధతి. అక్కడ తీసిన కార్యక్రమంలో ఒక తల్లి పిల్లలతో కలిసి నేల మీద కూర్చుని, థర్మోకోల్ డబ్బాలో తెచ్చిన కబాబ్ తినిపిస్తుంటుంది. ఆ ఇంట్లో నిలబడ్డ జేమీలో నీతులు చెప్పే మనిషి కనిపించడు.

ఇక పతనం. 2008లో ఆక్స్‌ఫర్డ్‌లో 'జేమీస్ ఇటాలియన్' మొదటి శాఖ తెరిచారు. జనం బయట బారులు తీరారు. కొన్నేళ్లలోనే బ్రిటన్‌లో నలభై దాటాయి. ఢిల్లీలో కూడా ఒకటి వచ్చింది. శాఖలు పెరిగినంత వేగంగా వంటవాళ్లు తయారు కాలేదు. అద్దెలు పెరిగాయి, స్థానిక పన్నులు పెరిగాయి, యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ వైదొలగడంపై జరిగిన 2016 ప్రజాభిప్రాయ సేకరణ తర్వాత పౌండు పడిపోయి దిగుమతి సరుకుల ధర పెరిగింది, ఇంటికి తెచ్చిచ్చే యాప్‌లు వచ్చాయి. 2017లో ఖజానా ఖాళీ అయిందని తెలిసినప్పుడు నిర్ణయించుకోవడానికి ఆయనకు రెండు గంటలే ఉన్నాయట. కోటీ పాతిక లక్షల పౌండ్లకు పైగా సొంత డబ్బు పోశారు. చాలలేదు. 2019 మేలో కంపెనీ దివాలా తీసింది. 25 రెస్టారెంట్లలో 22 మూతపడ్డాయి, సుమారు 1000 మంది ఉద్యోగాలు పోయాయి. మూతపడ్డవాటిలో లండన్ ఫిఫ్టీన్ కూడా ఉంది.

నా ఉద్యోగం తొలినాళ్లలో నేను పనిచేసిన ఒక రెస్టారెంటు ఇలాగే రాత్రికి రాత్రి మూతపడింది. సామాను తెచ్చుకోవడానికి పొద్దున వెళ్లాం. కోల్డ్ రూమ్ తలుపు తీస్తే స్టాకు డబ్బాలన్నీ వరసగా ఉన్నాయి, ప్రతి దాని మీదా మర్నాటి తేదీ వేసిన స్టిక్కర్. నా చేత్తో నేను రాసిన తేదీలే. వెయ్యి మంది అన్న అంకె చదివినప్పుడు నాకు ఆ స్టిక్కర్లే కళ్ల ముందు నిలుస్తాయి. అంత పెద్ద పేరున్న మనిషి అన్ని శాఖలు అంత త్వరగా తెరవకుండా ఉండాల్సింది. ఆయన మీద నాకెంత గౌరవం ఉన్నా ఈ మాట మింగలేను.

2023 చివర్లో ఆయన లండన్‌లో కేథరీన్ స్ట్రీట్‌లో మళ్లీ ఒక రెస్టారెంటు తెరిచారు. ఒక్కటే. నోరా శాండ్స్ ఈలోగా సొంతంగా వంటల పుస్తకం వేసుకుంది.

ఇప్పుడు మీ బల్లల మీద పెట్టిన కాగితం తిప్పండి. ఇందులో మన కిచెన్ స్టోర్స్‌లో ఈ వారం ఉన్న సరుకుల ధరలు ఉన్నాయి. కింద పిల్లల సంఖ్య ఇచ్చాను, తలకి ఎంత ఖర్చు పెట్టొచ్చో ఇచ్చాను, గంట సమయం ఇచ్చాను. బృందానికి ఐదుగురు. ప్యాకెట్ వస్తువు ఏదీ వాడకూడదు. మెనూ రాసి, ఖర్చు లెక్క వేసి, పన్నెండింటికల్లా ఏప్రాన్లు కట్టుకుని కింద కిచెన్‌కి రండి. ఉల్లిపాయలు నేను తరుగుతుంటాను.