ఆ ఒక్క గడి

వేదిక మీది పెద్దలకు, ఒక పూట కూలి వదులుకొని మన గుంటూరు మిర్చి యార్డు నుంచి వచ్చిన అక్కచెల్లెళ్లకు, నాతోపాటు ఏళ్ల తరబడి పనిచేసిన అంగన్వాడీ, ఆశా కార్యకర్తలకు నమస్కారం. కస్తూర్బా గాంధీ జయంతి అయిన ఏప్రిల్ 11ను మన దేశంలో సురక్షిత మాతృత్వ దినంగా పాటిస్తున్నాం. ఆ సందర్భంగా గర్భిణుల రక్తహీనత గురించి మాట్లాడమని నిర్వాహకులు కోరారు, నేను రాసుకొని కూడా వచ్చాను. కానీ పసిబిడ్డను ఒడిలో వేసుకొని ముందు వరుసలో కూర్చున్న అమ్మాయిని చూశాక, చాలా కాలంగా చెప్పలేకపోయిన ఒక విషయం ఈ రోజైనా చెప్పాలనిపిస్తోంది. పెద్దలు మన్నించాలి.

అది 2018 వేసవి. మా కేంద్రం పరిధిలో మిర్చి తొడిమలు తీసే ఒక అమ్మాయి ఉండేది. ఇరవై ఏళ్లు దాటి ఉండవు. అయిదో నెలలో భర్త ఆమెను వదిలి వెళ్లిపోయాడు. ఎక్కడున్నాడో అత్తగారికే తెలియదు. ఆ మిర్చి ఘాటులో మామూలు మనిషికే దగ్గు ఆగదు, చేతులు రాత్రంతా మండుతూనే ఉంటాయి. నిండు గర్భిణి ఆ బస్తాల మధ్య నేల మీద కూర్చుని, ఎంత తూకం తీస్తే అంత కూలి అనే లెక్కన పనిచేసేది. ప్రధానమంత్రి మాతృవందన పథకం అంతకు ముందు ఏడాదే మొదలైంది. తొలి కాన్పుకు మూడు విడతల్లో 5,000 రూపాయలు ఇస్తారని ఆమెకు చెప్పింది నేనే. ఆశతో వచ్చిన ఆమె ముందు దరఖాస్తు పెట్టిందీ నేనే. అందులో భర్త ఆధార్ సంఖ్య రాయాల్సిన గడి ఒకటి ఉంది. అది నింపకుండా దరఖాస్తు తీసుకోవడానికి వీలులేదు. "ఆయన ఆధార్ తీసుకురా అమ్మా" అని ఆమెను వెనక్కి పంపించాను. రెండు వారాల తరువాత మళ్లీ వచ్చి, అదే మాట విని, ఏమీ అనకుండా వెళ్లిపోయింది. మూడోసారి రాలేదు. ఎనిమిదో నెల దాకా పనికి వెళ్లిందని, కాన్పయిన నెలలోపే బిడ్డను తల్లి దగ్గర వదిలి మళ్లీ తొడిమలు తీయడానికి కూర్చుందని తరువాత తెలిసింది. నేను నిబంధన ప్రకారమే నడుచుకున్నాను. అయినా ఆ అమ్మాయి మెట్లు దిగి వెళ్లిన తీరు ఇప్పటికీ కళ్లముందు నుంచి పోలేదు.

ఆహార భద్రతా చట్టం 2013లో వచ్చింది. గర్భిణికీ బాలింతకూ 6,000 రూపాయలకు తగ్గకుండా ప్రసూతి సాయం అందాలని, గర్భం ధరించింది మొదలు కాన్పయిన ఆరు నెలల వరకు అంగన్వాడీలో ఉచితంగా భోజనం పెట్టాలని అందులో ఉంది. భర్త ప్రస్తావన అందులో ఎక్కడా లేదు. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం కూడా స్త్రీ అనే అన్నది గాని పెళ్లయిన స్త్రీ అనలేదు. 2017 సవరణతో ఆ చట్టం కింద వేతనంతో కూడిన సెలవు 26 వారాలకు పెరిగింది. అయితే ఏడాదిలో 80 రోజులు పనిచేసినట్లు రుజువు ఉండాలి. మేస్త్రి చేతి చిట్టాలో తప్ప మరెక్కడా పేరు లేని కూలి మనిషి ఆ రుజువు ఎక్కడి నుంచి తెస్తుంది? కాబట్టి ఆమెకు మిగిలింది మాతృవందన ఒక్కటే. చట్టం అడగని భర్తను అడిగి మనం ఆ ఒక్కదాన్నీ మూసేశాం.

ఆ నిబంధన 2022లో మారింది. ఒంటరి తల్లులకు, భర్త వదిలేసినవారికి అడ్డంకి కాకూడదని భర్త ఆధార్ తప్పనిసరి కాదన్నారు. ఇప్పుడు తొలి కాన్పుకు 3,000, 2,000 చొప్పున రెండు విడతల్లో సొమ్ము వస్తుంది. రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6,000 ఒకేసారి ఇస్తారు. ఇది మంచి మార్పు. కానీ కాగితం మీద ఐచ్ఛికమైన గడి మన నోటి మీద మాత్రం తప్పనిసరిగానే ఉండిపోయింది. మొన్నటికి మొన్న ఒక కేంద్రంలో నా ఎదుటే ఒక గర్భిణిని అడిగిన మొదటి ప్రశ్న, "మీ ఆయన రాలేదా?" ఆ అమ్మాయి తల దించుకుంది. సహోద్యోగులారా, అడిగినవారిని నేను తప్పు పట్టడం లేదు, నేనూ అలాగే అడిగాను. దయచేసి ఆ ప్రశ్న మానేయండి. చివరి నెలసరి తేదీ అడగండి, పరీక్ష చేయించుకుందా అని అడగండి, ఖాతా ఆమె పేరు మీదే ఉందా అని అడగండి. దరఖాస్తుకు కావలసినవి అవే.

బిడ్డ పుట్టాక రెండో విడతకు జనన నమోదు కావాలి, మొదటి విడత టీకాలు పూర్తి కావాలి. తండ్రి పేరు రాయందే నమోదు కుదరదని వెనక్కి పంపిన సంగతులు ఇప్పటికీ వింటున్నాను. పెళ్లికాని తల్లి అఫిడవిట్ ఇస్తే జనన ధ్రువపత్రం ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు 2015లోనే చెప్పింది. దరఖాస్తుతో చూపించే రైస్ కార్డు, అంటే రేషన్ కార్డు, సంగతి మరింత కష్టం. వదిలేసి వెళ్లినవాడి కుటుంబంలోనే ఈమె పేరు ఉండిపోతుంది, వేరు చేయమంటే విడాకుల కాగితం తెమ్మంటారు. ఇల్లు విడిచిన మనిషి ఆచూకీయే తెలియనప్పుడు ఆమె ఎవరి మీద దావా వేసి, ఎన్నేళ్లు తిరిగి, ఆ కాగితం తెస్తుంది? వార్డు సచివాలయం వారు సభలో ఉన్నారని తెలిసి ఈ మాట అంటున్నాను. ఇరుగుపొరుగు వాంగ్మూలంతో పేరు వేరు చేసే పద్ధతి కోసం పైఅధికారులకు మీరే రాయాలి.

వితంతు వివాహాల కోసం పాటుపడిన ఉన్నవ లక్ష్మీనారాయణ గారు, లక్ష్మీబాయమ్మ గారు 1922లో స్త్రీల కోసం శారదా నికేతనం స్థాపించింది ఈ గుంటూరులోనే. నూరేళ్ల కిందట ఒంటరి స్త్రీకి తోడుగా నిలబడిన ఊళ్లో, ఈ రోజు ఒక గర్భిణి భర్త పేరు చెప్పలేక అంగన్వాడీ గడప దగ్గరే ఆగిపోవడం నాకు చాలా బాధ కలిగిస్తోంది.

రక్తహీనత గురించి రాసుకొచ్చిన కాగితాలు అధ్యక్షుల వారికి ఇస్తున్నాను, వీలైతే చదివి వినిపిస్తారు. యార్డు నుంచి వచ్చినవారిలో గర్భిణులు ఉంటే సభ ముగిశాక కుడివైపు బల్ల దగ్గరికి రండి. మీ ఆధార్, బ్యాంకు పుస్తకం, తల్లీబిడ్డల కార్డు, రైస్ కార్డు గాని అసంఘటిత కార్మికులకు ఇచ్చే ఈ-శ్రమ్ కార్డు గాని ఉంటే చాలు, దరఖాస్తు నేనే నింపుతాను. మీ వెంట ఎవరూ రానక్కరలేదు.